కిటికీ జాకెట్టు

ఆ రోజులల్ల మా కరీంనగర్ ఆడపిల్లలం నాగరికతను వీపు మీద మోసేటోళ్ళం. నేను చెప్పేది జాకెట్టు గుండీల ముచ్చట. మా అవ్వ కాలంల (అమ్మను మేం అవ్వ అంటం) రవికె ముందటికి ముడేసుకునేటోళ్ళు. మా అక్క కాలానికి ఆ ముడి పోయి ముందట హుక్కులొచ్చినయి. మా వంతు వచ్చేసరికి హుక్కులు కూడ పాతబడి, గుండీలు వీపు మీదికి ఎక్కినయి. ఎవరు ఎక్కించిన్రో, ఎందుకు ఎక్కించిన్రో మాకు తెల్వదు. సిన్మాలల్ల చూసినం, హైదరాబాదు నుంచి బస్సు దిగిన పిల్లల వీపుల మీద చూసినం, మాకూ కావాలన్నం. (మన గుండీలు మన చేతికి అందని చోట ఎందుకుండాలె అని ఆ వయసుల ఒక్కరికీ అనుమానం రాలే.) నా పెండ్లికి మా బాపు కుట్టించిన జాకెట్లన్నీ అట్లాంటియే. వీపు పొడుగునా గుడ్డ చుట్టిన గుండీలు, మిరియపు గింజలంతవి. చేతులు మోచేతి దాక. ఒంటికి మైనం పోసినంత బిగుతు. మా అక్క నన్ను చుట్టూ తిరిగి చూసి, "మంచిగున్నదే. ఊపిరి పీల్చుడు ఒక్కటి తప్ప అన్ని పనులు చేసుకోవచ్చు" అన్నది. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్న.

నన్ను మంచిర్యాలకు ఇచ్చిన్రు. మా ఆయన కట్టెల డిపోల గుమాస్తా. మామ నెమ్మది మనిషి, ఇంట్ల ఉన్నడా లేడా అని దగ్గు వింటెనే తెలిసేది. అత్తమ్మ మాట గట్టిది, చెయ్యి మెత్తది. ఇగ మా ఆడబిడ్డ. నాకంటె ఒకటి రెండేండ్లు చిన్నది. నలుగురు చూస్తున్నరంటె నాలుక తడారిపోయే పిల్ల. బావికాడ బిందె దించమని పొరుగామెను అడగవలసి వచ్చినా, వచ్చి నన్ను పిలుచుకపోయేది. పెండ్లయి వచ్చిన కొత్తల ఆ ఇంట్ల నాకు దోస్తు ఎవరంటె ఆ పిల్లనే. ఇద్దరం ఒకే దువ్వెన, ఒకే పౌడరు డబ్బా.

మొదటి కాన్పుకు పుట్టింటికి పోయిన. కొడుకు పుట్టిండు. కరీంనగర్ల ఉన్నన్ని రోజులు మా అవ్వ పాత ముడి రవికెలు తొడుక్కొని హాయిగ గడిపిన. కష్టం ఎక్కడ మొదలైందంటె, అత్తగారింటికి తిరిగి పోయే రోజు. ఆలుబిడ్డలను తీస్కపోను మా ఆయన వచ్చిండు. తల్లినైన తర్వాత మొదటిసారి మంచిర్యాల టేషన్ల దిగుతున్న, ముడి రవికెల దిగుతనా? పెట్టె తీసి, అన్నిట్ల సోకైన జాకెట్టు తీసి, మా అక్కతోని వీపు గుండీలు పెట్టించుకున్న. "పిల్లగాడు ఏడిస్తె ఎట్లనే?" అన్నది అక్క. "పెద్దపల్లి దాక బస్సు, ఆడికెల్లి రైలు, ఎంతసేపు?" అన్న నేను.

బస్సుల వాడు పడుకున్నడు. రైలుల మా ఆయన మొగోళ్ళ డబ్బాల ఎక్కిండు, నేను ఆడోళ్ళ డబ్బాల ఎక్కిన. రామగుండం దాటిందో లేదో, వాడు లేచిండు. లేచినోడు ఊరకుంటడా. డబ్బా రేకులు అదిరేటట్టు మొదలువెట్టిండు. చుట్టూ ఉన్న ఆడోళ్ళందరు ఒకటే మాట, "పాలియ్యి బిడ్డా, పాలియ్యి." ఇయ్యాలంటె గుండీలు వీపు మీదున్నయి. నేను చేతులు వెనుకకు వంచి, మెడ మీంచి ఒకసారి, నడుము కాడికెల్లి ఒకసారి పాకులాడిన. ఒక్క గుండీ కూడ దొరకలే. పక్కన తమలపాకుల గంప పెట్టుకొని ఒక ముసలవ్వ కూసున్నది. నా తిప్పలు చూసి, "ఇటు తిరుగు" అన్నది. ఆకులు ఏరే వేళ్ళు గద, గుండీలు టకటక ఇప్పింది. బుజ్జోడు తాగిండు, కండ్లు మూసిండు, డబ్బా అంతా ఊపిరి తీసుకున్నది. ఇప్పుడు మళ్ళ పెట్టాలె గద. అవ్వ వెనుక కూసొని చానసేపు తడిమి, "బిడ్డా, ఇప్పంగ చేతికి దొరికినయి గని పెట్టంగ ఆవగింజల లెక్క జారిపోతున్నయి. నా కండ్లు ఆనుతలేవు" అన్నది. అంతల మంచిర్యాల వచ్చింది. రైలు నిలవడేది కొద్దిసేపే. కిటికీ కాడ మా ఆయన, "దిగు, దిగు" అని ఒకటే తొందర.

నాకు ఏం చెయ్యాల్నో తోచలే. పిల్లగాని బొంత తీసి భుజాల మీది నుంచి కప్పుకొని దిగిన. మంచి ఎండ. చుట్టూ జనం చెమటలు తుడుసుకుంటుంటె నేను బొంత కప్పుకొని బజారు మధ్యల నుంచి ఇల్లు చేరిన. మా ఆయన డిపో సేటు ఎదురుపడి, "బహూకు బుఖార్ వచ్చిందా?" అని అడిగిండు. మా ఆయన ఏం చెప్పాల్నో తెల్వక "జర" అన్నడు. గడపల దిష్టి తీద్దామని నీళ్ళు పట్టుకొని నిలవడ్డ అత్తమ్మ నన్ను చూసి, "జరమొచ్చిందా బిడ్డా?" అని నొసలు మీద చెయ్యి పెట్టింది. నేను వెనుకకు తిరిగి బొంత జర జార్చిన. అత్తమ్మ ఆ వీపును కొంచెంసేపు చూసింది. గుండీలు పెట్టుకుంట అడిగింది: "గీ జాకెట్టు కుట్టినోని ఇంట్ల చంటి పిల్లలు లేరా?"

ఆ మాటతోని నా నాగరికత సగం దిగింది. మిగతా సగం ఉన్నందుకే ఈ కథ.

ఇంట్ల ఉన్నన్ని రోజులు అత్తమ్మ ఇచ్చిన ముడి రవికె తొడుక్కున్న, తిప్పలేం లేవు. కని ఎండాకాలంల ఆడబిడ్డ పెండ్లి కుదిరింది. పిల్లగానిది హుస్నాబాద్. మంచి కుటుంబం, అయితె వాళ్ళింట్ల మాట నడిచేది పిల్లగాని మేనత్తది అని ముందే చెప్పిన్రు. పిల్లను చూడను వచ్చినప్పుడు ఆమెను నేను కూడ చూసిన. ఎత్తు మనిషి, ఎర్రటి బొట్టు, ఇంట్ల అడుగు పెట్టంగనే దూలాలు ఎన్నో లెక్కపెట్టుకున్నట్టు మీదికి చూసింది. ఆమె ముందర మా ఆడబిడ్డ పేరు అడిగితె ఊరు పేరు చెప్పింది.

పెండ్లి మా ఇంటి ముందరనే, పందిరి కింద. ఎవరెవరు ఎక్కడ కూసోవాలె అని అత్తమ్మ ఒకరోజు పొద్దుగాల అందరికి చెప్పింది. చంటిపిల్లల తల్లులు ఎవరొచ్చినా వెనుక వడ్ల అర్రల ఉండాలె. పాలిచ్చుడు, పండవెట్టుడు అన్నీ ఆడనే. "నువ్వు గూడ ఆడనే బిడ్డా" అన్నది నాతోని. "పందిట్ల మొగోళ్ళుంటరు, పిల్లగాడు ఏడిస్తె అయ్యగారి మంత్రం వినవడది, అందరి ముందట ఇచ్చుకుంట కూసుంటె పిల్లగానికి దిష్టి." ఆమె మాటల తప్పేం లేదు. ఆ కాలంల ఏ ఇంట్లనన్న అదే పద్ధతి. వడ్ల అర్ర అంటె కిటికీ లేని గది. నిండ వడ్లు పోసే గుమ్ములు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం దాంట్ల ఐదారుగురు తల్లులు, ఐదారుగురు పిల్లలు. పెండ్లి చూసుడు మాట దేవుడెరుగు, బయటికి వచ్చినంక మనిషిని గుర్తుపట్టాలె.

ఆ మధ్యాహ్నం ఆడబిడ్డ వచ్చి నా పక్కన కూసున్నది. చెయ్యి పట్టుకుంటె చల్లగ మంచులెక్కుంది. "వదినా, నువ్వు పక్కకు లేకుంటె నేను పీటల మీద కూసోను" అన్నది. బెదిరించుడు కాదు, మొత్తుకునుడు కాదు, ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది. "గా మేనత్త నన్నే చూసుకుంట కూసుంటది. నా చేతులు వణుకుతయి. తలువాల బియ్యం కింద పడ్తయి. మా అవ్వకు చెడ్డపేరొస్తది." "నేనుంట తీయ్" అన్న. అని నాలుక కరుసుకున్న.

పందిట్ల పూటంతా కూసోవాలంటె, పిల్లగానికి ఎవరికి తెల్వకుంట పాలియ్యాలె. ముడి రవికె ఇప్పితె మొత్తం ఇప్పినట్టే, పైన కొంగు కప్పితె మావోడు కాళ్ళతోని తన్ని ఎగరగొడ్తడు. (వాని కాళ్ళకు ఆ వయసుల ఉన్న బలం ఇప్పుడు లేదు.) పెండ్లిల తొడుక్కోవలసిన పట్టు జాకెట్టుకేమో గుండీలు వీపు మీద. మా ఆయనకు చెప్పిన. ఆయన బాగ ఆలోచించి పాల సీస తెచ్చిండు. బుజ్జోడు ఆ రబ్బరును ఒకసారి నోట్ల పెట్టుకొని, తండ్రి దిక్కు మోసగాన్ని చూసినట్టు చూసి, ఉమ్మేసిండు. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. జాకెట్టు వెనుక ఎట్లున్నదో అట్లనే ఉంచి, ముందట రెండు దిక్కుల తెరుచుకునేటట్టు చేస్తె? మా ఆయనను పట్టుకొని బజారు టైలరు మాస్టరు దుకాణానికి పోయిన. నేను మెట్టు కింద నిలవడ్డ, ఆయన సిగ్గువడుకుంట చెప్పిండు. మాస్టరు కత్తెర కింద పెట్టి, "జాకెట్టుకు కిటికీలా సాబ్? ఇంకేం, తలుపులు, దర్వాజలు గూడ పెడ్దాం" అన్నడు. దుకాణంల కూసున్నోళ్ళంత నవ్విన్రు. మా ఆయన దారి పొడుగునా నాకంటె పది అడుగులు ముందర నడిచిండు. ఇంటికొచ్చినంక, "ఇగ గా ముచ్చట నాకు చెప్పకు" అన్నడు.

మా గోడ అవతల ఒక ఖాలా ఉండేది. ఖాలా అంటె వాళ్ళల్ల పిన్నమ్మ, వాడకట్టంతా ఆమెను అదే పిలుస్తరు. ఆమెకు చేతితోని తిప్పే కుట్టుమిషిను ఉండె. తలకింది మెత్తలకు గలేబులు, అంటె తొడుగులు, పిల్లలకు లాగులు కుట్టేది. నేను గోడ మీంచి నా గోస చెప్పుకున్న. ఆమె నవ్వలే. "నాకు ఆరుగురు పుట్టిన్రు బేటీ. ఒక్క పెండ్లి గూడ చూడలే నేను. అన్ని పెండ్లిలల్ల వెనుక అర్రలనే కూసున్న. మా తమ్ముని నికా గూడ గోడకు చెవి పెట్టి విన్న. రా, చూద్దాం" అన్నది.

రోజు మధ్యాహ్నం అత్తమ్మ కునుకు తీసే వేళకు నేను గోడ అవతల ఉండేదాన్ని. మొదలు ఒక పాత జాకెట్టు పట్టుకున్నం. నేను అద్దం ముందట నిలవడి సుద్దతోని గీతలు గీసుకున్న, ఖాలా కత్తిరించింది, అంచులు మడిచి కుట్టింది. తొడుక్కొని పిల్లగాన్ని ఒళ్ళె పెట్టుకున్న. నిలవడి గీసిన గీతలు కూసుంటె యాడున్నయంటె, ఒకటి భుజం దిక్కు పోయింది, ఒకటి చంకల దూరింది. బుజ్జోడు దొరికిన కంత నుంచి పిడికిలి లోపలికి పెట్టి ఇగ తియ్యడు. వాడు ఏడుపు, నేను ఏడుపు, ఖాలా నవ్వు ఆపుకోలేక నోట్ల కొంగు పెట్టుకున్నది. రెండోసారి కూసొని గీసుకున్న. ఈసారి జాగ సరిగ్గ కుదిరింది. అప్పుడు ఖాలా తన పరీక్ష మొదలువెట్టింది. "లే. వంగు. చెయ్యి మీదికి లేపు, అటక మీది కుండ దించుతున్నవు అనుకో." నేను అనుకున్న, కుండ దించిన. కిటికీలు రెండూ బారున తెరుసుకున్నయి. "నై" అన్నది ఖాలా. హుక్కులు పెడితె పిల్లగాని చెంపలకు గీరుకున్నయి. గుండీ పెడితె వాడు మింగబోయిండు. పెండ్లి దగ్గరపడ్తున్నది, ఆడబిడ్డ అన్నం సగం తిని లేస్తున్నది, నేనేమో పాత జాకెట్లు ఒక్కొక్కటి ఖరాబు చేసుకుంట కూసున్న.

అట్ల దిగులు పడి ఒకరోజు ఖాలా వాకిట్ల మెత్త మీద తల పెట్టి ఒరిగిన. మెత్త గలేబుకు మూతి కాడ గుండీ లేదు, నాడ లేదు. మరి మెత్త ఎందుకు బయటికొస్తలేదు? చెయ్యి పెట్టి చూసిన. ఒక పొర మీదికి ఇంకో పొర జానెడు ఎక్కి ఉన్నది. చెయ్యి పెడితె పోతది, మెత్త మాత్రం కదలది. నేను లేచి కూసొని, "ఖాలా, గలేబు" అన్న. ఆమె నా చెయ్యి గలేబుల ఉండుడు చూసింది. లేచి మిషిను మీది గుడ్డ తీసింది.

మూడో జాకెట్టుకు హుక్కు లేదు, గుండీ లేదు. రెండు దిక్కుల కుట్టు వెంట నిలువుగ కోసి, లోపల ఒక పొర, మీద ఒక పొర, బెత్తెడు ఎక్కేటట్టు కుట్టినం. వంగిన, లేచిన, అటక మీది కుండలన్నీ దించిన. తెరుసుకోలే. చూస్తె మామూలు కుట్టు లెక్కనే ఉన్నది. పిల్లగాన్ని ఒళ్ళె వేసుకొని రెండు వేళ్ళతోని పొర జరిపిన. వాడు ఒక్కసారి వెతికిండు, దొరికింది, ఇగ తాగుడే తాగుడు. ఖాలా దూరం పోయి నిలవడి, దగ్గరికొచ్చి నిలవడి, పక్కకు పోయి నిలవడి చూసింది. "ఏం కనవడ్తలేదు బేటీ. పిల్లగాడు పండుకున్నట్టే ఉన్నడు" అన్నది. ఇద్దరం చిన్నపిల్లల లెక్క చేతులు పట్టుకొని ఊగినం.

అయితె ఒక చిక్కు. పొరలకు గుడ్డ కావాలె. పాత జాకెట్లకైతె ఏ గుడ్డన్న అతుకొచ్చు, పెండ్లికి తొడుక్కునే పట్టు జాకెట్టుకు అదే పట్టు కావాలె. ఖాలా ఆ జాకెట్టును అటు ఇటు తిప్పి చూసి, చేతుల కాడ ఆగింది. మోచేతి దాక చేతులు. నేను ఆమె దిక్కు చూసిన, ఆమె నా దిక్కు చూసింది. నా పెండ్లి జాకెట్టు అది. కత్తెర పట్టుకున్నంక ఆమె చెయ్యి ఆడలే. "నువ్వే కొయ్యి" అన్నది. కండ్లు మూసుకొని కోసిన. (కండ్లు తెరిచినంక చూస్తె ఒక చెయ్యి ఇంకో చేతి కంటె పొట్టి. సరి చేద్దామని దీన్ని జర, దాన్ని జర కోసుకుంట పోతె భుజాల దాక వచ్చింది.)

పెండ్లి పొద్దుగాల అత్తమ్మ నన్ను చూసింది. "జాకెట్టు చేతులేవి?" అన్నది. "ఉతికితె కుదించుకపోయినయి అత్తమ్మా" అన్న. "పట్టు జాకెట్టు ఎవలు ఉతుకుతరు బిడ్డా?" అన్నది. అదృష్టం కొద్ది అప్పుడే హుస్నాబాద్ బస్సు వచ్చిందని ఎవరో కేకేసిన్రు. ఆమె అటు ఉరికింది, నేను కొంగు నిండుగ కప్పుకొని, పిల్లగాన్ని ఎత్తుకొని, ఆడబిడ్డ పక్కన పీట మీద కూసున్న. అత్తమ్మ దూరం నుంచి కండ్లతోనే "అర్రలకు పో" అన్నది. నేను కండ్లతోనే "పోను" అన్న. పందిట్ల అందరి ముందట కండ్లు తప్ప ఇంకేం వాడలేం గద.

మా ఆడబిడ్డ మొదట్ల వణికింది. నేను మోకాలుతోని ఆమె మోకాలును తాకించి కూసున్న. ఎదురుంగ మేనత్త, గద్దె మీద కూసున్నట్టు కూసొని ఇద్దరినీ చూస్తున్నది. అయ్యగారు మంత్రాలు ఎత్తుకున్నడు. నా కొంగు కింద బుజ్జోడు తన పని ఎత్తుకున్నడు. తాగుతడు, పడుకుంటడు, లేస్తడు, మళ్ళ తాగుతడు. కుయ్యి లేదు, కయ్యి లేదు. వెనుక అర్రలకెల్లి మిగతా పిల్లల ఏడుపులు సన్నాయిని మించి వినవడ్తున్నయి. వాళ్ళ తల్లులు తలుపు సందు నుంచి ముక్కులు బయటపెట్టి గాలి పీలుస్తున్నరు. నేను చల్లటి పందిట్ల, పెండ్లికూతురు పక్కన, నిమ్మళంగ కూసున్న. ఆడబిడ్డ మెల్లగ నా చెవుల, "వదినా, బుజ్జోడు ఏడుస్తలేడు" అన్నది. "వానికి పెండ్లి నచ్చింది" అన్న. ఆమె నవ్వింది. ఆ పొద్దటి సంది ఆమె నవ్వుడు అదే మొదలు.

తంటా ఎక్కడ వచ్చిందంటె, వాడు మరీ మంచిగ ఉండుడుతోనే వచ్చింది. అత్తమ్మకు అనుమానం మొదలైంది. ఇంటి కప్పు ఎగిరిపోయేటట్టు అరిచే పిల్లగాడు ఇయ్యాల ఎందుకు అరుస్తలేడు? ఆమె అటు పోయి, ఇటు పోయి, ఇగ ఆగలేక జీలకర్ర బెల్లం వేళకు వంగి, ఆమె గుసగుస అనుకునే గొంతుతోని (పందిరి చివర దాక వినవడే గుసగుస అది), "పిల్లగానికి పొద్దటి సంది పాలియ్యలేదు గదనే. సొమ్మసిల్లిండా ఏంది?" అన్నది. అంతే. పందిట్ల ఆడోళ్ళందరి తలలు నా దిక్కు తిరిగినయి. మేనత్త లేచి నిలవడ్డది.

"పొద్దటి సంది నేను గూడ చూస్తున్న" అన్నది మేనత్త. "పిల్లగాడు ఉలుకుతలేడు, పలుకుతలేడు. పెండ్లిల ఏడుస్తడని మందు గిట్ల వెట్టి పండవెట్టిన్రా ఏంది?"

ఆ రోజులల్ల పని మీద పోయే తల్లులు కొందరు చంటిపిల్లలకు ఇంత నల్లమందు నాకించి పండవెట్టుడు అందరికి తెలిసిందే. అందుకే ఆ మాట పందిట్ల పిడుగు లెక్క పడ్డది. అత్తమ్మ మొకం తెల్లబోయింది. ఆడబిడ్డ మోకాలు మళ్ళ వణుకుడు మొదలువెట్టింది. సన్నాయి ఆగింది. అయ్యగారు నోట్ల సగం మంత్రం పట్టుకొని కూసున్నడు. పెండ్లికొడుకు అడ్డం పట్టిన తెర మీంచి తల లేపి చూసిండు. నా పని నేను చేసుకుంటనే ఉన్న గద, దేనికి భయం అనుకొని, మెల్లగ చెప్పిన: "అత్తమ్మా, తాగుతనే ఉన్నడు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఇంకా తాగుతుండు."

అత్తమ్మ నమ్మలే. మేనత్త అసలే నమ్మలే. "జాకెట్టు గుండీలు ఎనుకకున్నయి. ఎట్ల తాగుతడు?" అనుకుంట నా వీపు దిక్కు వచ్చింది. కొంగు జర తొలగించి మీది నుంచి కింది దాక చూసింది. "గుండీలన్నీ పెట్టే ఉన్నయి" అని పంచాయితీల సాక్ష్యం చెప్పినట్టు చెప్పింది. ఇగ అత్తమ్మ ముందటికొచ్చి కూసొని, నా కొంగు అంచు లేపి లోపలికి తల పెట్టింది. వాడు నానమ్మను చూసి, తాగుడు ఆపి, పాలు కారే నోటితోని నవ్విండు. నవ్వి, మళ్ళ పొర జరుపుకొని తన పనిల పడ్డడు. అత్తమ్మ తల బయటికి తీసింది. నా పొట్టి చేతుల దిక్కు చూసింది. చేతుల గుడ్డ యాడికి పోయిందో ఆమెకు సమజైంది. అప్పుడు నడుము మీద చెయ్యి పెట్టుకొని లేచి, పందిరంతా వినవడేటట్టు, "తాగుతుండు. నా కోడలు కుట్టుకున్న జాకెట్టు అది. దానికి దారి ఉన్నది, మీకు కనవడది" అన్నది. పొద్దటి సంది నన్ను అర్రలకు పో అన్న మనిషి ఆమెనే.

మేనత్త కూడ వంగి, "నన్ను చూడనియ్యి" అన్నది. చూసింది. రెండు వేళ్ళతోని పొర అంచు పట్టుకొని జరిపింది, వదిలింది, అది మూసుకున్నది. మళ్ళ జరిపింది. బుజ్జోనికి కోపమొచ్చి ఆమె వేలు పట్టుకున్నడు. ఆమె వెనుక ఇంకో ఆమె, ఆ ఆమె వెనుక ఇంకొకామె, దేవుని దర్శనానికి నిలవడ్డట్టు నిలవడ్డరు. అయ్యగారు గొంతు సవరించి, "అమ్మా, జీలకర్ర బెల్లం చేతులనే ఎండిపోతున్నది, ముహూర్తం గూడ కిటికీల నుంచి పోతది" అన్నడు. అందరు నవ్విన్రు. అప్పుడు నా పక్కకెల్లి ఒక గొంతు వినవడ్డది. "మా వదిన గట్లాంటిదే. ఏదన్న పట్టిందంటె ఇడువది." మా ఆడబిడ్డ. నలుగురిల నోరు తెరవని పిల్ల మేనత్త మొకం దిక్కు చూసి అన్నది. మేనత్త కూడ ఆమె దిక్కు నిమ్మళంగ చూసి, "మాకు గట్లాంటి కోడండ్లే కావాలె" అని పోయి తన జాగల కూసున్నది. తలువాలు పోసేటప్పుడు మా ఆడబిడ్డ చేతులు ఇంత కూడ వణకలే.

తెల్లారి ఆడబిడ్డను సాగనంపే ముందర, మేనత్త ఒక మూట పట్టుకొని నా దగ్గరికొచ్చింది. ఆమె బిడ్డ నిన్న వెనుక అర్రల ఉడికిపోయిన తల్లులల్ల ఒకామె అట. మూట నిండ జాకెట్లు. "జర గీటికి గూడ దారి పెట్టు బిడ్డా" అన్నది. అట్ల మొదలైంది. నెల తిరగకుంట ఖాలా వాకిలి నిండ ఆడోళ్ళు. రైలు కట్ట అవతలికెల్లి వచ్చేటోళ్ళు, బొగ్గు బావుల దిక్కుకెల్లి వచ్చేటోళ్ళు. నేను గీసుడు, ఖాలా కుట్టుడు, కొలత మాత్రం కూసుండవెట్టే తీసుకునేది. ఒకామె మామిడికాయలు తెచ్చేది, ఒకామె కంది పప్పు తెచ్చేది. దానికి పేరు నేను పెట్టలే, వాళ్ళే కిటికీ జాకెట్టు అన్నరు. వేరే పేరు పెడ్దామని నేను చాన తండ్లాడిన గని ఎవరూ వినలే. ఒకనాడు నిండుగ ముసుగేసుకొని ఒక చిన్న వయసామె వచ్చి, గుడ్డల చుట్టిన జాకెట్టు ఇచ్చి, "మా ఇంట్లాయనకు చెప్పొద్దు ఖాలా" అన్నది. ఎవలమ్మా మీ ఆయన అంటె, సిగ్గువడుకుంట బజారు టైలరు మాస్టరు అన్నది. ఆ పొద్దు మా ఆయన డిపో నుంచి వస్తె ఎదురువోయి చెప్పిన. ఆయన సంచి కింద పెట్టి, పొట్ట పట్టుకొని నవ్విండు. తర్వాత ఏ పని లేకున్నా మాస్టరు దుకాణం ముందల నుంచి మెల్లగ నడుచుకుంట పోయేటోడు. మా వెనుక అర్ర మాత్రం తర్వాతి పెండ్లిల నుంచి ఒట్టి వడ్లకే మిగిలింది. తల్లులందరు పందిట్లనే.

ఆ పెండ్లి ఫొటో ఒకటి మా ఇంట్ల ఉన్నది. పెండ్లి నడుమ ఫొటో ఆయన వచ్చి, నల్లగుడ్డ కప్పుకొని, "అమ్మా, పిల్లగాని మొకం ఇటు తిప్పున్రి, కనవడ్తలేదు" అన్నడు. "కనవడది తీయ్, నువ్వు కొట్టు" అన్న నేను. మొన్న మా కొడుకు, వాడే, నెత్తి నెరిసినంక ఆ ఫొటో చేతుల పట్టుకొని, "అందరున్నరు గదనే, నేనేడ?" అన్నడు. "నువ్వున్నవురా. అందరి కంటె సంతోషంగ ఉన్నవు" అన్న. వానికి సమజు కాలే, నేనూ చెప్పలే. వాడు పోయినంక ఫొటో నా ఒళ్ళె పెట్టుకొని చూసుకుంట కూసున్న. పెండ్లికూతురు తల వంచుకున్నది, పెండ్లికొడుకు బిత్తరపోయి చూస్తుండు, పక్కన పీట మీద పొట్టి చేతుల జాకెట్టు పిల్ల ఒకతి. ఇరువై ఏండ్లు నిండలే దానికి. ఒక కోట గెలిచి వచ్చినట్టు గదువ లేపి కూసున్నది. ఆ పిల్లను చూసినప్పుడల్ల, జర గదువ దించవే, పెండ్లి నీది కాదు అనబుద్ధయితది. మళ్ళ నాకే అనిపిస్తది, ఉండనీ, ఎవలకేం నష్టం అని.